నేను చెప్పగలనా? - దత్తమండలాల బడిపంతుళ్ళ భయమూ, ధైర్యమూ

మొన్న పాత పుస్తకాల పెట్టె సర్దుతూ ఉంటే, బి.ఎడ్. చదివిన నాటి నా రికార్డు ఒకటి బయటపడింది. అట్టను చెదలు తినివేశాయి గానీ లోపలి పుటలు బాగానే ఉన్నాయి. టీచింగ్ ప్రాక్టీసులో నేను చెప్పిన మూడవ పాఠం పుట అడుగున, పర్యవేక్షకులు ఎర్ర సిరాతో వ్రాసిన రెండు ముక్కలు చెక్కుచెదరలేదు: "విషయ పరిజ్ఞానం ఫరవాలేదు. ఆత్మవిశ్వాసం చాలదు."

పాఠం పేరు నీటిచక్రం. స్థలం అనంతపురం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల, ఏడవ తరగతి. ఆ ఏడు చెనక్కాయ చేలు ఊడలు దిగే వేళకు వాన మొగం చాటేసింది. నేను రాత్రంతా మేలుకొని సముద్రం, ఆవిరి, మేఘం, కొండ, వాన అన్నీ రంగుల్లో వేసిన చార్టును నల్లబల్లకు తగిలించి, లెసన్ ప్లానులో వ్రాసుకున్న వరుస తప్పకుండా చెప్పుకుపోతున్నాను. వెనుక బెంచీ మీద నా తోటి శిక్షణార్థులు నలుగురు, వారి ప్రక్కన పర్యవేక్షకులు. మూడవ వరుసలోని పిల్లవాడొకడు లేచి నిలబడి, గొంతులో ఎగతాళి ఏమాత్రమూ లేకుండా అడిగాడు: "మరి మా ఊరికి యాల రాదు సార్ వాన?"

తరగతి నవ్వింది. నేను నవ్వలేదు, జవాబూ చెప్పలేదు. డస్టరు తీసుకొని, తుడవనక్కరలేని చోట తుడిచి, "సారాంశం" అని వ్రాయడం మొదలుపెట్టాను.

ఆ ఎర్రసిరా ముక్కలు చాలాకాలం నన్ను కుంగదీశాయి. ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ చూస్తే కొంత నవ్వు, కొంత అనుమానం కలిగాయి. ఆనాడు నాకు లోపించినది ఆత్మవిశ్వాసమా, తెలివిడా? ఈ రెండూ వేరన్న సంగతి మన సీమ బడులకు ఎన్నడైనా తట్టిందా? తోచక ఆ తీగ పట్టుకొని లాగితే డొంక 1823 దాకా కదిలింది. చదివినంతలో నాకు దొరికినది మీతో పంచుకుందామని ఈ టపా.

1823లో అనంతపురం జిల్లా కాదు. 1800లో నిజాము కుంఫిణీవారికి వదులుకున్న సీమను ఆంగ్లేయులు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అన్నారు, మనవారు దత్తమండలాలు అన్నారు. (రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావుగారి ప్రతిపాదనతో వచ్చింది. ఆయన అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పిన పంతులే.) గుత్తి, తాడిపత్రి, పెనుకొండ, ధర్మవరం అన్నీ అప్పట్లో బళ్ళారి జిల్లా క్రిందివి. అనంతపురం విడివడి ప్రత్యేక జిల్లా అయినది 1882లో. కనుక మన బడుల తొలి చరిత్ర బళ్ళారి కాగితాల్లో వెదుక్కోవాలి.

దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. రాజధానిలో ఎన్ని బడులున్నవి, ఎందరు చదువుతున్నారు, ఏమి చదువుతున్నారు అని 1822లో కలెక్టర్లందరినీ అడిగాడు. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఉత్త అంకెలు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన ఉత్తరం మాత్రం అలాంటిది కాదు. ఈ క్యాంబెల్ మనకు కొత్తవాడేమీ కాదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసినవాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదని ఎల్లిస్ దొర వాదించినది ఆ గ్రంథం ముందుమాటలోనే. అంటే తెలుగు తెలిసిన మనిషి, తెలుగు పంతుళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్న మనిషి, ఆ పంతుళ్ళ గురించి వ్రాసిన ఉత్తరమది.

ఆయన చెప్పిన లెక్క ఇది. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివేవారు 6,641 మంది, అంటే బడికి సుమారు పన్నెండుగురు. వెయ్యిమంది జనంలో ఏడుగురైనా లేరు. ఆడపిల్లలు అంతా కలిసి 60 మంది. కన్నడ బడులు 235, తెలుగువి 226, మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకే ఒక్కటి. ఇవిగాక బ్రాహ్మణులు మాత్రమే సంస్కృత శాస్త్రాలు చదువుకొనే చోట్లు 23. కూడి చూసుకోండి, 533 సరిగ్గా వస్తుంది. కలెక్టరు కచేరీ గుమాస్తాలు లెక్కలో గట్టివారే!

అంకెల కన్న విలువైనది తరువాతి వర్ణన. తెల్లవారి ఆరు గంటలకు బడి మొదలు. మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు. రెండవవాని చేతిలో సున్న చుడతారు - మెప్పూ లేదు, తిట్టూ లేదు అని. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చినవానికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. సోమరులను చేతులు కట్టి దూలానికి వ్రేలాడదీస్తారనీ, ఆపకుండా కూర్చోబెట్టి లేపుతారనీ కూడా వ్రాశాడు. మన పెద్దలు కోదండం, గుంజీళ్ళు అని చెప్పుకొనేవి ఇవే. పిల్లలు నేల మీద ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దుతారు. ఎందరు పిల్లలున్నా సామాన్యంగా నాలుగు తరగతులు. పై తరగతిని పంతులు తానే చూసుకుంటాడు, క్రింది తరగతులను పై తరగతి పిల్లలకు అప్పగిస్తాడు, ఒక కన్ను మాత్రం బడి అంతటి మీదా వేసి ఉంచుతాడు.

ఇక్కడ క్యాంబెల్ ఒక మాట అంటాడు. ఎక్కువ నేర్చినవాడు తక్కువ నేర్చినవానికి చెప్పడం, అలా చెబుతూ తన చదువును తానే గట్టిచేసుకోవడం మెచ్చదగిన పద్ధతి అనీ, ఇంగ్లండులో దీనిని అనుకరించడం తగిన పనేననీ. ఇది వట్టి పొగడ్త కాదు. దాని వెనుక ఒక కథ ఉంది.

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి అధికారిగా కుదిరాడు. సిపాయి దొరలకు పుట్టి దిక్కులేనివారైన పిల్లలు వారు. ఒకనాటి ప్రొద్దున గుర్రం మీద పోతూ, ఒక అరుగు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తిరిగివచ్చి, క్రింది తరగతికి ఇలాగే నేర్పమని తన ఉపాధ్యాయుణ్ణి అడిగాడు. జీతం తీసుకొనే ఆ పెద్దమనిషి ఇది కుదరదన్నాడు. బెల్ వాదించలేదు. జాన్ ఫ్రిస్కెన్ అని ఒక మామూలు సోల్జరు కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, ఆ పని చేయగలడని తోచి వానికి అప్పగించాడు. పెద్దవాడు చేయలేనన్నది ఆ చిన్నవాడు చేసి చూపాడు. బెల్ 1797లో లండనులో ఈ ప్రయోగాన్ని పుస్తకంగా అచ్చు వేశాడు. తరువాత లాంకాస్టరు అనే ఆయన ఇలాంటిదే మొదలుపెట్టడం, ఆ ఇద్దరి అనుచరులూ ఎవరిది ముందన్న పోట్లాటలు పడడం, ఆ పద్ధతి యూరపుకూ అమెరికాకూ పాకడం వేరే పెద్ద కథ. దానికి మద్రాసు పద్ధతి అన్న పేరు నిలిచింది.

నన్ను పట్టి నిలిపినది ఆ ఎనిమిదేళ్ళ పిల్లవాడు. ఫ్రిస్కెనుకు లెసన్ ప్లాను లేదు, బోధనాశాస్త్రం తెలియదు. వానికి తెలిసినదల్లా మొన్నటిదాకా తానూ ఆ ఇసుక ముందు కూర్చున్నవాడే అన్న సంగతి. ఏ అక్షరం దగ్గర వ్రేలు వంకర పోతుందో వానికి ఒంటికి తెలుసు. మన సీమ అరుగు బడుల్లోనూ ఇదే జరిగేది. ఐదారేళ్ళు చదివిన పిల్లవాడు అందులో మూడు నాలుగేళ్ళు చెప్పి ఉండేవాడు కూడా. పెద్దయి ఎక్కడైనా ఒక ఊరి అరుగు మీద బడి పెట్టుకుంటే, వానికి అది మొదటి రోజు కాదు. శిక్షణ అన్న మాట లేకుండానే శిక్షణ అయిపోయి ఉండేది. "నేను చెప్పగలనా" అన్న ప్రశ్న వానిని తొమ్మిదో ఏట పలకరించి, పదో ఏట సెలవు తీసుకొని ఉంటుంది.

అయితే అంతా బంగారమే అనుకోవడానికి క్యాంబెల్ మనకు సందివ్వడు. అదే ఉత్తరంలో ఆ బడుల ప్రధాన లోపాలు రెండన్నాడు: చదివే పుస్తకాలు, చెప్పే చదువు ఎలాంటివన్నది ఒకటి, సమర్థులైన గురువులు లేకపోవడం రెండవది. కావ్యభాష వేరు, వాడుక భాష వేరు కావడం వల్ల పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు గడగడ ఒప్పజెబుతారు, అర్థం మాత్రం మాట నేర్చిన చిలకకు తెలిసినంతే అంటాడు. (గిడుగు రామమూర్తిగారు ఇదే రోగాన్ని ఎత్తిచూపడానికి దాదాపు తొంభై ఏళ్ళ ముందు మాట ఇది. వ్యాకరణం వ్రాసిన దొరకు ఆ తేడా తెలియకపోదు.)

ధరంపాల్ 1983లో ఈ నివేదికలన్నీ "ది బ్యూటిఫుల్ ట్రీ" అన్న పుస్తకంగా అచ్చు వేసిన తరువాత, క్యాంబెల్ ఉత్తరాన్ని రెండు పక్షాలవారూ చెరొక ముక్క చింపుకున్నారు. మన బడులు ఎంత గొప్పవో అనేవారు మొదటి ముక్క, ఎంత గొడ్డువో అనేవారు రెండవ ముక్క. రెండూ ఒకే చేతి వ్రాత, ఒకే కాగితం. నాకు తోచినది ఏమంటే, అవి ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు. చెప్పి చెప్పి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యానికి అర్థంతో పని లేదు. అర్థం తెలియని పద్యాన్ని వందమంది చేత వల్లె వేయించినవానికి గొంతు వణకదు. పదేళ్ళ ప్రాయంలోనే చెప్పడం నేర్చిన ఆ పిల్లవాడు, తనకు తెలియదన్న సంగతి తెలియకుండానే గురువైపోయేవాడు. నా పర్యవేక్షకులు ఆ అరుగు బడికి వచ్చి ఉంటే రికార్డులో తారుమారుగా వ్రాసి ఉండేవారేమో: ఆత్మవిశ్వాసం పుష్కలం, విషయ పరిజ్ఞానం చాలదు.

మన్రో 1826 మార్చి 10న తన తీర్మానం వ్రాశాడు. రాజధాని అంతటా 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, 1,28,50,941 జనాభా. గురువులు చాలరన్నది ఆయనా ఒప్పుకున్నాడు. విరుగుడుగా మద్రాసులో పంతుళ్ళను తయారుచేసే ఒక బడి, ఒక్కొక్క కలెక్టరేటులో రెండు పెద్ద బడులు, ఒక్కొక్క తాసిల్దారీకి ఒక బడి అని ప్రతిపాదించాడు. కలెక్టరేటు పంతులుకు నెలకు 15 రూపాయలు, తాసిల్దారీ పంతులుకు 9 రూపాయలు. తొమ్మిది రూపాయలు తక్కువే గానీ, పిల్లలు ఇచ్చేది కలుపుకుంటే స్కాట్లండులో ఊరిబడి పంతులు కన్న మన తాసిల్దారీ పంతులు స్థితి మెరుగేమో అని ఆయన లెక్క. గ్లాస్గోలో పుట్టినవాడు, ఆ పోలిక ఆయనకే రావాలి. మరుసటి ఏడు, 1827 జూలైలో, తాను ఏలిన ఈ సీమకే తిరిగి వచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో పూడ్చిపెట్టారు. తాసిల్దారీ బడులు 1836లో మూతపడ్డాయి. మద్రాసులో పంతుళ్ళ కోసం పెట్టిన బడి పంతుళ్ళ సంగతి మరచిపోయి క్రమంగా పెద్దకొలువుల చదువులకు మళ్ళింది.

ఇక్కడొక మార్పు జరిగింది. గురువు తయారయ్యే చోటు అరుగు నుంచి మద్రాసుకు మారింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వచ్చింది, అదే తరువాత సైదాపేట ట్రెయినింగు కాలేజీగా పేరుకెక్కింది. చెబుతూ నేర్చుకోవడం పోయి, చెప్పడం ఎలాగో ముందు విని, తరువాత చెప్పి, ఒక పెద్దమనిషి చేత మార్కులు వేయించుకోవడం మొదలైంది. అదే కాలంలో ఫలితాలను బట్టి గ్రాంటు అనే పద్ధతి ఒకటి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున ఎందరు పిల్లలు ఒప్పజెబితే పంతులుకు అంత డబ్బు. ఇక ఆయన ధైర్యం తన గుండెలో కాక ఇన్‌స్పెక్టరు బండి ఎద్దుల గంటల్లో ఉండేదంటే అతిశయోక్తి కాదు.

సైదాపేట అనగానే ఒక కథ చెప్పకుండా ఉండలేను. సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగంలో చేరినాక, 1910 ప్రాంతంలో ఎల్.టి. శిక్షణకని సైదాపేటకు పంపబడ్డారు. వయస్సు ఇరవై రెండో ఏడు. అక్కడి ఆచార్యుడు ఈయన తెలివి చూసి, మనస్తత్వశాస్త్రం తరగతులకు నీవు రానక్కరలేదు, నీ తోటివారికి నీవే కొన్ని ఉపన్యాసాలు చెప్పు అన్నాడు. ఆ ఉపన్యాసాలే 1912లో చిన్న పుస్తకంగా వచ్చాయి. శిక్షణార్థిగా వెళ్ళి శిక్షకుడై తేలిన మనిషి! 1916లో ఆయన అనంతపురం కళాశాలకు కూడా వచ్చి పనిచేశారు. దత్తమండల కళాశాల అన్న పేరుతో అది మొదలైన సంవత్సరమే అది. ఉపాధ్యాయ దినోత్సవాల్లో ఈ సైదాపేట కథను ఆయన మేధకు గుర్తుగా చెబుతారు. నిజమే కాదనను. కానీ నాకు ఆ పేరు తెలియని ఆచార్యుడు కూడా కనబడతాడు. "కూర్చొని విను" అనవలసిన చోట "లేచి చెప్పు" అన్నాడాయన. నూట ఇరవై ఏళ్ళ క్రితం ఎగ్మూరులో బెల్ చేసిన పనే, మద్రాసు ఊరి మరో కొసన చేశాడు. రాధాకృష్ణన్ కానివారికి ఆ మాట ఎందుకు అనలేదన్నది నా బాధ. వినడానికి కూర్చున్న మిగతా శిక్షణార్థుల ధైర్యం ఆ రోజు పెరిగిందో తగ్గిందో ఎవరూ వ్రాసిపెట్టలేదు.

ఈ ధైర్యాన్ని కొలిచే పని శాస్త్రవేత్తలు మొదలుపెట్టి యాభై ఏళ్ళే అవుతున్నది. 1976లో రాండ్ సంస్థవారు లాస్ ఏంజెలెస్ బడుల్లో చదవడం నేర్పే పద్ధతులను పరిశీలిస్తూ, టీచర్లను రెండు మాటలు అడిగారు. మొదటిది: పిల్లవాని చదువు చాలావరకు వాని ఇంటి పరిస్థితిని బట్టే ఉంటుంది, టీచరు చేయగలిగినది పెద్దగా లేదు - ఒప్పుకుంటారా? రెండవది: నేను గట్టిగా ప్రయత్నిస్తే ఎంత మొండి పిల్లవానికైనా నేర్పగలను - ఒప్పుకుంటారా? మరుసటి ఏడు ఆల్బర్ట్ బందూరా ఈ నమ్మకానికి ఒక సిద్ధాంతం కట్టాడు. అది నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నాడు: తాను చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివాడు చేయగా చూడడం, ఎదుటివారి మాట సాయం, గుండెదడ వంటి ఒంటి గుర్తులు. నాలుగింటిలో మొదటిదే బలమైనదట. ఎర్రసిరా మాట మూడవ దానిలోకి వస్తుందనుకుంటాను, అదీ తలక్రిందులుగా!

రాండు వారి రెండు ప్రశ్నలూ ఒకటి కావని తరువాతివారు గ్రహించారు. నేను చెప్పగలను అన్నది ఒక ధైర్యం. చెప్పినది నిలుస్తుంది, ఆ పిల్లవాని బ్రతుకులో అది పనికివస్తుంది అన్నది మరొక ధైర్యం. 1990లో హోయ్, వూల్‌ఫోక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు శిక్షణార్థులను టీచింగ్ ప్రాక్టీసుకు ముందూ తరువాతా అడిగి చూశారు. మొదటి ధైర్యం పెరిగింది. రెండవది తరిగింది. బడిలో కొన్ని వారాలు గడిపేసరికి, నోరు తిరిగింది గానీ, ఇంటి లేమిని బడి గెలుస్తుందన్న నమ్మకం సడలింది. అరవడం, అదుపు చేయడం మీద మక్కువ కూడా పెరిగిందట.

ఇది చదివినప్పుడు నాకు మళ్ళీ క్యాంబెల్ గుర్తుకొచ్చాడు. ఆయన ఉత్తరంలో కంట తడి పెట్టించే భాగం కోదండం కాదు. ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్ళలో ఇప్పుడు లేవు, పెద్ద బడులున్న చోట ఇప్పుడు కలవారి పిల్లలు కొందరే చదువుతున్నారు అంటాడు. కారణం దేశం క్రమంగా బీదదైపోవడం అని, కుంఫిణీ కొలువులో ఉంటూ కూడా, దాచకుండా వ్రాశాడు. నడిమి తరగతివారూ, క్రింది తరగతివారూ బడి ఖర్చు భరించలేరు. లేత చేతులు కాస్త పనికి వంగగానే తల్లిదండ్రులకు ఆ చేతుల సాయం కావలసివస్తుంది. 1823 నాటి మాట. సంవత్సరం తీసివేసి చదివితే, మా చిన్ననాడు ఏ కరువేడు ఎవరు వ్రాసినా ఇదే వ్రాసి ఉండేవారు.

అనంతపురంలో టీచరు కాబోయేవానికి రెండవ ధైర్యం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ సగటుకే. జూలైలో నిండుగా ఉన్న తరగతి, పంట పోయిన ఏడు సంక్రాంతి నాటికి పలచబడుతుంది. హాజరుపట్టీలో పేరుంటుంది, పిల్లవాడు బెంగళూరులో ఏ కట్టడం పని దగ్గరో తమ్ముణ్ణి ఎత్తుకొని ఉంటాడు. అప్పటిదాకా చెప్పినదానికి అర్థమేమిటని కొత్త టీచరుకు అనిపిస్తే అది వాని పిరికితనం కాదు. ఆ దిగులును కొలిచి ఆత్మవిశ్వాసం చాలదని వ్రాయడం తేలిక.

1980ల తొలి సగంలో నెలకు 398 రూపాయలకు నియమితులైన స్పెషల్ టీచర్లను మా ఊళ్ళలో జనం "398 టీచర్లు" అనే పిలిచేవారు. మనిషికి జీతమే పేరైపోయింది! అలాంటివారిలో ఒకాయన మా ప్రక్క ఊరి ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులనూ ఒక్క గదిలో పెట్టుకొని నెట్టుకొచ్చారు. ఒకటవ తరగతిని నాలుగవ తరగతి అమ్మాయికి అప్పగించి, తాను ఐదుకు లెక్కలు చెప్పేవారు. అదేమని అడిగితే సిగ్గుపడేవారు, తప్పు చేస్తూ దొరికినట్టు. క్యాంబెల్ మెచ్చుకున్నదీ, బెల్ లండనులో అచ్చు వేసినదీ అదే పద్ధతి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకూ అప్పుడు తెలియదు.

1986 విద్యావిధానం తరువాత జిల్లాకొక డైట్ వచ్చింది. మన జిల్లాది బుక్కపట్నంలో, చిత్రావతి నీటితో నిండవలసిన పెద్ద చెరువున్న ఊళ్ళో పెట్టారు. (2022 నుంచి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది.) 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ఏకోపాధ్యాయ బడులకు రెండవ టీచరు కావాలన్నది. అదే దశకంలో బ్రిటిషువారి ధనసహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా పాకి, 1996 దాకా నడిచింది. చేసి నేర్చుకోవడం, జట్లుగా పని, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడకు తగిలించడం వంటి ఆరు సూత్రాలు దానివి. ఆ సూత్రాల కన్న నాకు నచ్చినది టీచర్ సెంటర్ మీటింగు. చుట్టుప్రక్కల పది పన్నెండు బడుల టీచర్లు ఒకచోట చేరి, ఒకరు పాఠం చెబితే మిగతావారు చూసి మాట్లాడుకోవడం. తనలాంటివాడు చేయగా చూడడమన్న బందూరా రెండవ ఊట ఇదే కదా. చాలాచోట్ల అది టీ, బిస్కట్లు, టి.ఎ. బిల్లులుగా ముగిసిన మాట నిజమే. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, ఆ గుండ్రంలోనే పాత వల్లె వేయించడం నేనూ కళ్ళారా చూశాను. అయినా తన పాఠాన్ని తోటివారు చూసి పోయినాక ఒక టీచరు మొగంలో వచ్చే వెలుగు, ఏ అధికారి సంతకంతోనూ రాదు.

ఇవాళ బి.ఎడ్. రెండేళ్ళయింది. 2014 నిబంధనల ప్రకారం అందులో కనీసం ఇరవై వారాలు బడిలో గడపాలి. కాగితం మీద ఇది మంచి మాట, అరుగు బడికి కాస్త దగ్గరగా జరిగిన మాట. హాజరు సంతకాలను కొనుక్కొనే కళాశాలలు ఉండగా ఆ ఇరవై వారాలు ఎంత నిజమన్నది మీ ఊళ్ళో చుట్టాలను అడిగి తెలుసుకోండి.

నా నీటిచక్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం కళాశాల లైబ్రరీలో భూగోళం పుస్తకాలు తిరగవేశాను. నైరుతి నుంచి వచ్చే మేఘాలు పడమటి కనుమలకు తగిలి అటు ప్రక్కనే కురిసి, ఇటు దిగేసరికి తేలికబడిపోతాయి. ఈశాన్యం నుంచి వచ్చేవి తూర్పు తీరంలో కురిసి, ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. ఎటు నుంచి వచ్చే వానకైనా మనం చివరి ఇల్లు. ఇది నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళు ఈ నేల మీదే ఉండి, దాని ఎండను తిని, ఎందుకన్న ప్రశ్న వేసుకోలేదు. ఆ మాట ఒప్పుకున్న తరువాత, విచిత్రంగా, గుండెదడ తగ్గింది.

నాలుగు రోజులు పోయినాక మళ్ళీ అదే తరగతికి నా వంతు వచ్చింది. పర్యవేక్షకులు వేరే బడికి వెళ్ళారు. చార్టు తీసుకుపోలేదు. సుద్దముక్కతో నల్లబల్ల మీద దక్షిణాపథం గీసి, ఎడమన కనుమలు, కుడిన సముద్రం, నడుమ మన ఊరు పెట్టి, "మొన్న నేను చెప్పలేకపోయిన ప్రశ్న ఒకటుంది" అని మొదలుపెట్టాను. పిల్లలు కదలకుండా విన్నారు. చెప్పడం అయినాక మూడవ వరుస వైపు చూశాను. అడిగినవాడు లేడు. అమ్మానాయనలతో బెంగళూరు పోయినాడని ఎవరో అన్నారు. మళ్ళా ఎప్పుడొస్తాడని అడిగితే, వానలొచ్చినాక అన్నారు.

వాని చోట్లో కూర్చున్న అమ్మాయి నల్లబల్ల మీది బొమ్మను నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటూ, తల ఎత్తకుండానే అన్నది: "వాడొచ్చినాక నేను చెప్తాలే సార్."